అన్ని రిపోర్టులూ నార్మల్... మరి ఈ దడ ఎందుకు?

నాలుగు పేజీల ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు. రాసిన ఆవిడకు 37 ఏళ్లు. ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్నంలో కాపురం, అక్కడికి 26 కిలోమీటర్ల దూరంలోని ప్రభుత్వ బడిలో టీచరు. భర్తకు హార్డ్‌వేర్ షాపు. ఇద్దరు పిల్లలు. అత్తమ్మ వీళ్లతోనే ఉంటారు. పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఉదయం, కిక్కిరిసిన బస్సులో నిలబడి బడికి వెళ్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి ఆడలేదు. వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి. ఒళ్లంతా చెమటలు. "అయిపోయింది, పిల్లల్ని చూడకుండానే పోతున్నా అనుకున్నాను" అని రాశారు. బస్సు ఆపించి దిగి, ఆటోలో ఆసుపత్రికి వెళ్లారు. ఈసీజీ తీసి "ఏమీ లేదమ్మా, గ్యాస్" అని పంపేశారు.

ఆ తర్వాత ఇంకో పదిసార్లు వచ్చింది. ఒకసారి ఏడో తరగతిలో పాఠం మధ్యలో, ఒకసారి ఆడపడుచు కూతురి పెళ్లిలో, రెండుసార్లు మంచి నిద్రలో. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు కూడా చేయించారు. అన్నీ నార్మల్. ఇప్పుడు బస్సు ఎక్కడం లేదు. భర్త రోజూ బండి మీద దింపి వస్తున్నారు, షాపు పదిన్నరకు గానీ తెరవడం లేదు. క్లాసులో ఈవిడ కుర్చీ తలుపు పక్కకు మారింది. బ్యాగులో నీళ్ల సీసా, గ్లూకోజ్ పొట్లం, యాలకులు, తోటికోడలు ఇచ్చిన, ఆందోళన తగ్గించే అల్ప్రాజోలం మాత్రల సగం ముక్కలు. ఆరుసార్లు వేసుకున్నారట. రోజుకు పది పన్నెండుసార్లు నాడి పట్టి చూసుకుంటారు. అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మరిది "ఆడవాళ్ల నరాల బలహీనత, ఎర్రగడ్డలో చూపించాలేమో" అని నలుగురిలో నవ్వాడు.

ఆవిడ అడిగినవి: ఇది పరీక్షలకు దొరకని గుండెజబ్బు కాదు కదా? మందులు మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలంటారు, అవి లేకుండా తగ్గుతుందా? దగ్గర్లోని బడికి మ్యూచువల్ బదిలీకి ఒక టీచరు ఒప్పుకున్నారు, పెట్టుకోనా? లేక లాంగ్ లీవు పెట్టనా?

సమాధానం:

డాక్టరుగారన్న "ఏమీ లేదు" అనే మాట మీ ఉత్తరంలో అయిదుచోట్ల ఉంది. గుండెలో లోపం లేదని ఆయన ఉద్దేశం. మీకు మాత్రం, నటిస్తున్నావు అన్నట్టు వినపడింది. మీకు వచ్చింది నిజంగానే వచ్చింది, దానికో పేరు కూడా ఉంది. పానిక్ అటాక్ అంటారు, వాడుకలో యాంగ్జయిటీ అటాక్ అని కూడా అంటున్నారు. అవి పదేపదే వచ్చి, మళ్లీ ఎప్పుడొస్తుందో అన్న భయం నెలకు పైగా వదలకుండా, ఆ భయానికి మనిషి తన రాకపోకలన్నీ మార్చుకుంటే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. అది నిర్ధారించాల్సింది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసిన డాక్టరు, ఉత్తరం చదివిన నేను కాదు. అయినా మీరు రాసిన ప్రతి ముక్కా అటే చూపిస్తోంది.

మీ మరిదికి ఒక సంగతి చెప్పండి. 1860లలో అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికులు ఎంతోమంది గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరారు. జాకబ్ డా కోస్టా అనే వైద్యుడు వాళ్లను పరీక్షించి, గుండెలో జబ్బేమీ కనిపించడం లేదని 1871లో రాశాడు. ఆ బాధకు ఆయన పెట్టిన పేరు 'ఇరిటబుల్ హార్ట్'. వాళ్లంతా తుపాకులు పట్టిన మగవాళ్లు. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కన్నా రెట్టింపు కనిపిస్తుందన్న మాట నిజమే గానీ, దాన్ని నరాల బలహీనత అనడం తెలియక అనే మాట.

ఇక ఒంట్లో జరిగేదేమిటి? పొలం గట్టు మీద చీకట్లో నడుస్తుంటే కాలికి మెత్తగా ఏదో తగిలిందనుకోండి. అది పామా కాదా అని తేల్చుకునే లోపే అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. పరుగెత్తాలంటే కాళ్లకు రక్తం కావాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. వేడెక్కే ఒంటిని చల్లబరచడానికి చెమట పడుతుంది. తీరా లైటు వేసి చూస్తే తాడు. తాడే అని తెలిశాక కూడా దడ తగ్గడానికి కాసేపు పడుతుంది కదా. ఆ రోజు బస్సులో మీకు జరిగింది ఇదే. కాకపోతే అక్కడ పామూ లేదు, తాడూ లేదు. భయం మాత్రం వచ్చేసింది, దానికి కారణం కావాలి. చుట్టూ కనబడకపోతే మెదడు ఒంట్లోనే వెతికింది. దానికి గుండె దొరికింది.

వేళ్లు కొంకర్లు పోవడం మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది. పక్షవాతమేమో అనుకున్నారు. భయంలో అవసరానికి మించి గాలి పీలుస్తాం. అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం, ఛాతీ బిగుసుకోవడం దానివల్లే. ఆక్సిజన్‌కు కొదవేమీ లేదు. కానీ గాలి చాలడం లేదనిపించి ఇంకా పీలుస్తాం, తిమ్మిరి ఇంకా పెరుగుతుంది. పెళ్లిలో పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు, గట్టిగా పీల్చు" అన్నారని రాశారు. ప్రేమతోనే అన్నారు, పనికి మాత్రం అది తిరగబడింది. ఆ సమయంలో కావాల్సింది మెల్లగా వదలడం. కాగితం సంచిలోకి ఊదమని చెప్పేవాళ్లు కూడా తగులుతారు, అది వద్దు. నిజంగా ఆస్తమానో గుండె సమస్యో అయితే అది ప్రమాదం.

ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన డేవిడ్ క్లార్క్ అనే మానసిక శాస్త్రవేత్త 1986లో ఈ గానుగను విడమరిచి చూపించాడు. ఒంట్లో ఏదో చిన్న మార్పు వస్తుంది, దాన్ని చావుకు సూచనగా చదువుకుంటాం, భయం వేస్తుంది, ఆ భయం ఆ మార్పును పెంచుతుంది, పెరిగిందంటే నిజమేనని ఖాయం చేసుకుంటాం. అంతే, గానుగ తిరుగుతూ ఉంటుంది. నిద్రలో రావడం వల్ల ఇది గుండెజబ్బే అని మీరు తేల్చేసుకున్నారు. నిద్రలో రావడం కూడా పానిక్‌లో ఉన్నదే.

మీరు టీచరు కాబట్టి ఒక లెక్క అడుగుతాను. ఇప్పటికి పదకొండుసార్లు వచ్చింది. ఎన్నిసార్లు స్పృహ తప్పి పడిపోయారు? మీ ఉత్తరం మొత్తం వెతికాను, ఒక్కసారి కూడా లేదు. పిల్లల ముందు పడిపోతానన్నదే మీకున్న పెద్ద భయం. స్పృహ తప్పేది సాధారణంగా బీపీ పడిపోయినప్పుడు. పానిక్‌లో బీపీ పెరుగుతుంది. అందుకే కళ్లు తిరిగినట్టు అనిపించినా, మనిషి పడిపోవడం చాలా అరుదు.

మీ జవాబు నాకు తెలుసు. "పడిపోలేదంటే వెంటనే కూర్చున్నాను కాబట్టి, నీళ్లు తాగాను కాబట్టి, మాత్ర వేసుకున్నాను కాబట్టి" అంటారు. అసలు ముడి ఇక్కడుంది. పానిక్ అటాక్ పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరుతుంది, మామూలుగా అరగంటలో తనంతట తనే దిగిపోతుంది. మీరు ఎనిమిదో నిమిషంలో నీళ్లు తాగారు, పన్నెండో నిమిషానికి తగ్గడం మొదలైంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడేసిందని మీ మనసు నమ్మింది. అలా నీళ్ల సీసా ఒక కాపలా, తలుపు పక్క కుర్చీ ఒక కాపలా, మీవారి బండి ఇంకో కాపలా అయ్యాయి. కాపలా పెరిగినకొద్దీ ఈ ఇంటికి దొంగల భయం ఉందన్న నమ్మకం కూడా పెరుగుతుంది. నా దృష్టిలో మీ జబ్బుకు ఇవాళ తిండి పెడుతున్నవి ఇవే. అటాక్‌లు ఆ తర్వాతే.

మూడో పేజీలో, తాయెత్తు సంగతికీ మరిది సంగతికీ మధ్య, మీరు ఒక వాక్యం రాసి వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. అంతకు ముందు ఏడాది ఒక రాత్రి మీ అమ్మగారు ఫోన్ చేసి ఛాతీలో మంటగా ఉందంటే, "గ్యాసే అయ్యుంటుంది, మజ్జిగ తాగి పడుకో అమ్మా" అన్నారు. తెల్లారేసరికి ఆమె లేరు. సంవత్సరీకం అయిన పదకొండో రోజున మీకు బస్సులో మొదటిసారి వచ్చింది. ఆ రెండు తేదీలూ మీరే రాశారు, పక్కపక్కన పెట్టి మాత్రం చూడలేదు.

ఆసుపత్రిలో ఆ డాక్టరు "గ్యాస్" అన్నప్పుడు మీకు అంత వణుకు ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోందా? ఆ మాట మీరు ఇంతకుముందు ఒకరికి చెప్పారు, అది తప్పింది. ఇక ఛాతీలో ఏం జరిగినా గ్యాస్ అని సరిపెట్టుకోకూడదని మీ ఒళ్లు ఒట్టేసుకున్నట్టుంది. ఈ పన్నెండుసార్ల నాడి చూసుకోవడం మీ కోసమేనా, ఆ రాత్రి చూడలేకపోయిన నాడి కోసమా అని నాకు అనిపించింది. మీ తప్పేమీ లేదని ఒక్క మాటలో కొట్టేయను, మీరు నమ్మరు. ఒకటి మాత్రం చెబుతాను. ఆడవాళ్లలో గుండెపోటు చాలాసార్లు మంటలాగో, వికారంలాగో, దవడనొప్పిలాగో వస్తుంది. డాక్టర్లే పొరబడుతుంటారు. ఇరవై ఆరు కిలోమీటర్లు బస్సులో వెళ్లొచ్చి, వంట ముగించి ఫోనెత్తిన కూతురు ఒక్క వాక్యం విని కనిపెట్టవలసింది అని ఎవరనగలరు? మీవారితో ఈ సంగతి ఒక్కసారైనా మాట్లాడారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎవరితోనైనా మాట్లాడాలి. కౌన్సెలింగుకు వెళ్తే మొదటి రోజే చెప్పండి, మూడో పేజీలో దాచకుండా.

అమ్మగారి విషయం ఉంది కాబట్టి ఈ గీత కూడా గీసి పెడతాను. నడిచినా మెట్లెక్కినా ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గడం. నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం. నిజంగా స్పృహ తప్పడం. ఎప్పుడూ వచ్చే తీరుకు భిన్నంగా వచ్చి తగ్గకపోవడం... వీటిలో ఏదున్నా పానిక్ అని కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మిగతావాటికి ఇంకో ఈసీజీ అవసరం లేదు. ఈసీజీ నార్మల్ అన్న ధైర్యం మీకు వారం కూడా నిలవడం లేదని మీరే రాశారు.

చేయించాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి. గుండెకు ఇన్ని పరీక్షలు చేయించారు గానీ థైరాయిడ్ ఊసే లేదు. థైరాయిడ్ ఎక్కువైతే దడ, చెమట, వణుకు అచ్చం ఇలాగే ఉంటాయి. రక్తహీనత ఉన్నా దడ వస్తుంది. ఆ రెండూ చూపించుకోండి. ఇంకో మాట. శనివారం ఒక్కపొద్దు అన్నారు, ఆ రోజు కూడా రెండు కప్పుల టీ తాగి ఖాళీ కడుపుతో బస్సుకు పరుగెత్తేవారు. ఒక్కపొద్దు మానమని నేనెందుకు చెప్తాను, మీ దేవుడూ మీరూ. రెండు అరటిపళ్లు, ఒక గ్లాసు పాలు ఆయనకు అభ్యంతరం కాదనుకుంటాను. రోజుకు ఆరు టీలు మాత్రం రెండుకు దించండి. కెఫీన్‌తో వచ్చే దడకూ భయంతో వచ్చే దడకూ తేడా మీ మెదడుకు తెలియదు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది, వారానికి ఒకటి చొప్పున తగ్గించండి.

మందుల సంగతి. సగం మాత్ర తోటికోడలిది, మీది కాదు. అల్ప్రాజోలం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. త్వరగా నెమ్మదింపజేస్తుంది, అంత త్వరగానూ అలవాటవుతుంది. మీరు ఆరుసార్లే వేసుకున్నారు కాబట్టి ఇక్కడితో ఆపేయొచ్చు. రోజూ వారాల తరబడి వేసుకున్నవాళ్లు మాత్రం హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. సైకియాట్రిస్టులు పానిక్‌కు ముందుగా రాసేవి వేరే రకం మందులు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగున్నాక కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది కొనసాగించి మెల్లగా తగ్గిస్తారు. జీవితాంతం అన్న మాట అందరికీ వర్తించదు.

మందులు లేకుండా తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే భయపెట్టే ఆలోచనలనూ అలవాట్లనూ సైకాలజిస్టు సాయంతో మార్చుకునే పద్ధతి, పానిక్‌కు మందులతో సమానంగా మొదటి వరసలో నిలిచిన చికిత్స. సాధారణంగా వారానికొకసారి చొప్పున పది పదిహేను వారాలు. ఇందులో నేర్చుకున్నది ఆగిపోయాక కూడా మీ దగ్గరే ఉంటుంది. కాకపోతే ఇది శ్రమ, మొదట్లో భయం పెరుగుతుంది కూడా. ఇంట్లోంచి కదలలేని స్థితి వచ్చినా, నిద్రా తిండీ పోయి దిగులు కమ్మేసినా, బతకాలని లేదన్న ఆలోచన తొంగిచూసినా, అప్పుడు మందులు వద్దని పట్టుపట్టకండి. మందులతో కాస్త నిలదొక్కుకుని ఈ సాధన చేసేవాళ్లు చాలామంది.

బదిలీ పెట్టుకుంటే రేపే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంటి పక్క బడి, బస్సు గొడవ లేదు. పిల్లలకు దగ్గరగా ఉండాలని మీకు ఎప్పటినుంచో కోరికైతే పెట్టుకోండి, అది వేరే కారణం. బస్సు తప్పించుకోవడానికే అయితే, పెళ్లిలో వచ్చిందీ నిద్రలో వచ్చిందీ గుర్తు చేసుకోండి. వాటికి ఏ బదిలీ పెడతారు? లాంగ్ లీవు నాకు అస్సలు నచ్చలేదు. ఇంట్లో నాడి చూసుకుంటూ కూర్చోవడానికి అంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. తిరిగి బడిలో చేరే రోజు ఇంకో కొండ అవుతుంది. మీవారు దింపి రావడం ఇంకొన్నాళ్లు సాగితే సాగనివ్వండి, కానీ దానికి ఒక ఆఖరి తేదీ పెట్టుకోండి. పదిన్నరకు తెరిచే షాపు మీ ఇద్దరి మధ్య మాట పట్టింపుగా మారకముందే.

సాధన గురించి. శ్వాసను అటాక్ వచ్చినప్పుడు నేర్చుకోవాలనుకోవడం పరీక్ష హాల్లో పుస్తకం తెరవడం లాంటిది, మీ విద్యార్థులకు ఒప్పుకుంటారా? బాగున్నప్పుడే పొద్దునా సాయంత్రం పది నిమిషాలు చేయండి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఛాతీ కాదు, కడుపు కదలాలి. అటాక్ వచ్చినప్పుడు దీనితో దాన్ని తరిమేయాలని చూడకండి, తరమబోతే ఇదీ ఇంకో నీళ్ల సీసా అవుతుంది. "ఇది అదే, నాకు తెలుసు, పైకెక్కి దిగుతుంది" అనుకుని గోడ గడియారం చూడండి, నాడి కాదు. చేస్తున్న పని వీలైనంత మెల్లగా కొనసాగించండి. బోర్డు మీద రాస్తుంటే రాస్తూనే ఉండండి, అక్షరాలు వంకరపోతే పోనీ.

రెండోది వినడానికి పిచ్చిగా ఉంటుంది. భయపడే ఆ దడనూ ఆ తలతిప్పునూ కావాలనే తెచ్చుకోవాలి. ఉన్నచోటే ఒక నిమిషం గిరగిరా తిరగడం, ఆగకుండా మెట్లెక్కి దిగడం, నిమిషంపాటు వేగంగా ఊపిరి తీయడం. చేశాక ఏ కాపలా లేకుండా కూర్చుని, దానంతట అది తగ్గేదాకా చూడటం. ఇలా పదిసార్లు చేశాక దడ అంటే దడే, చావు కాదని ఒంటికి తెలుస్తుంది. మీ ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంది కాబట్టి ఇది చెబుతున్నాను. ఆస్తమా, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా చేయకూడదు. మీరు కూడా మొదటి రెండు మూడుసార్లు సైకాలజిస్టు ఎదుట చేస్తే మంచిది.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మీకు తెలియలేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు, మీ జిల్లాలో ఎక్కడ చూపించుకోవాలో కూడా చెబుతారు. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టును అడిగితే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. ఎర్రగడ్డ అన్న మాట మన దగ్గర తిట్టయిపోయింది గానీ, అదొక ఆసుపత్రి. జబ్బు వచ్చినవాళ్లు అక్కడికి వెళ్తారు.

తాయెత్తు ఉండనివ్వండి, అత్తమ్మతో ఆ గొడవ ఎందుకు? ఆవిడకు తోచిన ప్రేమ అది. అది లేని రోజున భయం వేసిందంటే మాత్రం దాన్ని కూడా సీసా పక్కన రాసుకోండి. హెచ్ఎం గారికి చెప్పాలా అంటే, జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "అప్పుడప్పుడు దడ వస్తుంది, పది నిమిషాల్లో సర్దుకుంటుంది, కంగారుపడొద్దు" అంటే చాలు. దాచిపెట్టడానికి పడే టెన్షన్ సగం తగ్గుతుంది.

బస్సు పని ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టండి, జనం తక్కువగా ఉంటారు. రెండు స్టాపులు, అంతే. మీవారు పక్క సీట్లో వద్దు, బస్సు వెనకాల బండి మీద కూడా వద్దు. రెండో స్టాపులో నిలబడి ఉండమనండి. దారిలో దడ వస్తే దిగకండి. భయం మంచి ఊపు మీద ఉన్నప్పుడు దిగితే, దిగడమే కాపాడిందని ఒళ్లు నేర్చుకుంటుంది. దాటాల్సి వస్తే ఇంకో స్టాపు దాటి, కాస్త తగ్గాక దిగండి. ఆయన అక్కడిదాకా వస్తారు. అదే రెండు స్టాపులు విసుగు పుట్టేదాకా తిరిగాక నాలుగు, ఆ తర్వాత సగం దూరం, ఆ తర్వాతే పొద్దుటి రద్దీ బస్సు. మధ్యలో ఒక వారం మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపిస్తుంది, అందరికీ అలా అవుతుంది. సగం మాత్రల ముక్కలు మొదటి ఆదివారమే బ్యాగులోంచి తీసేయండి. నీళ్ల సీసా మాత్రం చివర్లో, అదీ మీకు తోచినప్పుడు. ఎండాకాలం వస్తే మామూలు దాహానికి మళ్లీ పెట్టుకుందురుగాని.